సంతానం కోసమని యాంటీఆక్సిడెంట్ కోర్సు కొనేవాళ్లకు హెచ్చరిక

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పెళ్లయి మూడు నాలుగేళ్లయినా పిల్లలు కలగక, ఎవరికీ చెప్పుకోలేక లోలోపల నలిగిపోతున్న అన్నదమ్ముల కోసం ఇది రాస్తున్నాను. వీర్యకణాలు పెంచుతామంటూ అమ్మే యాంటీఆక్సిడెంట్ (ఒంట్లో ఆక్సిజన్ వల్ల కణాలకు జరిగే నష్టాన్ని అడ్డుకుంటాయనే పదార్థాలు) కోర్సును, లోపం ఎక్కడుందో తెలియకుండా కొనకండి. నేను కొన్నాను. నా భార్య చీటీ పాడి తెచ్చిన 21,000 రూపాయలు పోయాయి. అంతకంటే విలువైన ఎనిమిది నెలలు పోయాయి.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక లాడ్జిలో నెలకోసారి వచ్చి కూర్చునే సలహాదారు గురించి మా బావగారికి ఎవరో చెప్పారట. వెళ్లాను. ఆయన నన్ను పరీక్షించలేదు, వీర్య పరీక్ష రిపోర్టు ఉందా అని కూడా అడగలేదు. "జూట్ మిల్లులో పని కదా, వేడికి కణాలకు తుప్పు పట్టింది, ఈ మందు కడిగేస్తుంది" అన్నాడు. మాత్రలు, పొడి కలిపి డబ్బాలు చేతిలో పెట్టాడు.

ఆ మాటలో కాస్త నిజం ఉండబట్టే మోసపోయాను. ఆక్సీకరణ ఒత్తిడి, అంటే ఆక్సిజన్ వల్ల కణాలకు జరిగే ఆ నష్టం, వీర్యకణాలను, వాటిలోని డీఎన్‌ఏను దెబ్బతీసే మాట వాస్తవమే. మాత్ర మింగితే అది సర్దుకుని బిడ్డ పుడుతుందన్నదానికే గట్టి ఆధారం లేదు. తర్వాత విశాఖలో నన్ను చూసిన డాక్టరుగారు ఓపికగా చెప్పారు: 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో 2,370 మంది పురుషుల్లో సగం మందికి ఆరు నెలలు జింకు, ఫోలిక్ ఆమ్లం, మిగతావారికి మందు లేని మాత్రలు ఇచ్చారు. కాన్పుల్లో తేడా రాలేదు. పైగా మందు వాడినవాళ్లలోనే కడుపునొప్పి, వికారం ఎక్కువగా కనిపించాయి. అదే ఏడాది విటమిన్ సి, ఇ, సెలీనియం అనే ఖనిజం, కార్నిటిన్ వంటి యాంటీఆక్సిడెంట్లన్నీ కలిపి 171 మంది మీద చేసిన పరిశీలనలోనూ వీర్యం మెరుగుపడలేదు.

ఆయన నా డబ్బాలు తీసుకుని కాగితం మీద లెక్క కట్టారు. మాత్రలోనూ పొడిలోనూ సెలీనియం ఉంది, రెండూ కలిపితే రోజుకు 480 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకు గరిష్ఠ పరిమితి 400. గోళ్లు పెళుసుబారి విరుగుతున్నాయని నేను నెల రోజులుగా అనుకుంటూనే ఉన్నాను, ఎందుకో తట్టలేదు. సెలీనియం అధికమైతే గోళ్లు, జుట్టు దెబ్బతింటాయట. డబ్బా అడుగున చీమల్లాంటి అక్షరాల్లో "ఔషధ వినియోగానికి కాదు" అని ఇంగ్లీషులో ఉంది. ధర ఉన్న స్టిక్కరును తడి వేలితో రుద్దితే ఊడివచ్చింది. కింద అసలు ధర, నేను కట్టినదాంట్లో మూడో వంతు.

నన్ను నిలబెట్టి చేత్తో తడిమి చూసి, స్కానింగ్ రాసి, వృషణాల దగ్గరి సిరలు ఉబ్బాయని తేల్చారు. వేరికోసిల్ అంటారు. సంతానం కలగడం లేదని వచ్చే మగవాళ్లలో చాలామందికి ఉండేదే ఇది. ఇది మాత్రలతో తగ్గదు, నాకు ఆపరేషన్ చేశారు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్షకు రమ్మన్నారు.

నా భార్యకు 33 ఏళ్లు. నాలుగేళ్లుగా సూదులు, స్కానింగులు, చుట్టాల సూటిపోటి మాటలు అన్నీ తనే భరించింది. కొన్ని వందల రూపాయల వీర్య పరీక్ష నేను మొదటి ఏడాదే చేయించుకుని ఉండాల్సింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అన్నదమ్ములారా, సిగ్గుపడకండి. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి నమూనా ఇవ్వాలి, ఒకసారి తక్కువ వస్తే మళ్లీ చేయించాలి, అంతే.

ఆ లాడ్జి సలహాదారు నాకు బిల్లు బదులు తెల్లకాగితం మీద అంకెలు రాసిచ్చాడు. మీరు ఇప్పటికే కొని ఉంటే, బిల్లు ఉంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. అతను ఇప్పుడు శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి వైపు కూడా గది తీసుకున్నాడని విన్నాను. నీలం డబ్బా, తెల్ల మూత. చేతికి ఇస్తే ముందు తిరగేసి, ఆ స్టిక్కరు కింద ఏముందో చూడండి.