సీడీలు లేకున్నా లాప్‌టాప్ కొన్ననాటి లెక్క చేసిచ్చిండు - నయీంనగర్ రిపేర్ షాపు

5కి 4 స్టార్లు ఇస్తున్న, ఆ ఒకటి ఎందుకు కోసిన్నో కింద చెప్త.

మా అక్కోల్లది పరకాల. వాళ్లింట్ల హెచ్‌పీ లాప్‌టాప్ ఉంది, 2016ల కొన్నది, విండోస్ 10, ఒక టీబీ హార్డ్‌డిస్క్. ఇంట్ల ఎవరు ఏం డౌన్‌లోడ్ చేసిండ్రో ఏమో, ఆన్ చేసి చాయ పెట్టుకొని తాగొచ్చినా డెస్క్‌టాప్ రాదు, వచ్చినంక వద్దన్నా అడ్వర్టయిజ్‌మెంట్లు. పిల్లలు పాడు చేస్తున్నరని మా బావ పాస్‌వర్డ్ మార్చిండు, మార్చి మర్చిపోయిండు. ఇగ పొల్లకేమో కాలేజీ ప్రాజెక్టు ఉన్నది, మామా నువ్వే ఏదన్న చెయ్యి అని నా నెత్తిన పెట్టింది.

శనివారం గూడెప్పాడ్ మీదికెల్లి బస్సుల హన్మకొండ వచ్చిన. ముందు చౌరస్తా దిక్కు ఒక పెద్ద షాపుకు పోయిన, పేరెందుకులే. ఏసీ ఉంది, అద్దాలున్నయ్. ఆయన లాప్‌టాప్ మూత సుత తెరవలే, రికవరీ సీడీలు, అంటే విండోస్ మల్ల ఎక్కిచ్చే సీడీలు ఉన్నయా సార్ అన్నడు. లెవ్వు, డబ్బాల వారంటీ కాయిదం తప్ప ఏం ఇయ్యలే అన్న. అయితే కొత్త విండోస్ ఎక్కియ్యాలె, 1500 అయితది, ఒరిజినల్ కావాలంటే కీ, అంటే లైసెన్స్ నంబర్ పైసలు వేరే. మరి ఫొటోలు? పోతయ్ సార్. గంతే, రెండు నిమిషాల్ల తేల్చేసిండు. పొల్ల ఐదో తరగతి కాడికెల్లి ఉన్న ఫొటోలు అండ్ల ఉన్నయ్, మా అమ్మవి సుత ఉన్నయ్, ఎట్ల పోనిస్త?

అక్కడికెల్లి ఆటో ఎక్కి నయీంనగర్ పోయిన. నాలా బ్రిడ్జి దాటినంక గల్లీల చిన్న షాపు, బోర్డు మీద అక్షరాలు సగం ఊడిపోయినయ్, లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట నిలబడాలె. ఓనర్ ముప్పై ఏండ్ల పిలగాడు. చెప్పిందంతా ఇన్నడు, ఇని కింద స్క్రూలు ఊడదీసి హార్డ్‌డిస్క్ బయటికి తీసి ఒక యూఎస్‌బీ డబ్బాల పెట్టి తన కంప్యూటర్‌కు పెట్టిండు. పాస్‌వర్డ్ తోని పనే పడలే, ఫొటోలన్నీ యూజర్స్ ఫోల్డర్‌ల కనిపిచ్చినయ్. బిట్‌లాకర్ అని డిస్క్‌కు తాళం లెక్కటిది వేసి ఉంటే మాత్రం ఇట్ల రావన్నా, దానికి 48 అంకెల కీ కావాలె, అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల వెతుక్కోవాలె అన్నడు. కొత్త లాప్‌టాప్‌లు చానా వాటికి మనకు తెల్వకుండనే అది ఆన్ అయి ఉంటదంట, చూస్కోండ్రి.

ఫొటోలు కాపీ అవుతుంటే డీ డ్రైవ్ చూపిచ్చిండు. రికవరీ అని పేరు, ఎప్పుడు చూసినా నిండిపోయినట్టు ఎర్ర గీత. "అన్నా, గిదే నీ సీడీ" అన్నడు. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ ఎర్ర గీత చూసి జాగ లేదు డిలీట్ కొట్టుమని పోయిన ఏడు మా అల్లునికి చెప్పింది నేనే, వాడు బద్ధకంతోని కొట్టలే గాబట్టి బతికిపోయినం.

హార్డ్‌డిస్క్ మల్ల బిగించి, ఆన్ చేస్తూ ఎఫ్11 టకటక కొట్టిండు. నీలం స్క్రీన్ వచ్చింది, అండ్ల ట్రబుల్‌షూట్, అండ్ల రికవరీ మేనేజర్, ఇగ కంపెనీలకెల్లి వచ్చిన రోజు ఎట్లుండెనో అట్లకు పోతది. ఏసర్‌కు ఆల్ట్ పట్టుకొని ఎఫ్10, ఆసుస్‌కు ఎఫ్9, లెనోవోకు పక్కన పిన్ను తోని నొక్కే చిన్న బటన్ ఉంటదట. ఆ రికవరీ డీ డ్రైవ్‌ను ఎవరన్న లేపేసి ఉంటే షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ కొడితే రీసెట్ దిస్ పీసీ వస్తది, 2020 తర్వాత విండోస్ 10ల క్లౌడ్ డౌన్‌లోడ్ అని సుత వచ్చింది, నాలుగు జీబీ దాక నెట్ తింటది, డీ డ్రైవ్ లేకున్నా నడుస్తది. మరి కీ కొనాలెనట కదా తమ్మీ అంటే, విండోస్ 8 కాడికెల్లి కీ మదర్‌బోర్డులనే పెట్టి పంపుతున్నరన్నా, అదే ఎడిషన్ ఎక్కిస్తే దానంతట అదే యాక్టివేట్ అయితది, విండోస్ 7 దాక అయితే కింద స్టిక్కర్ మీద ఉంటుండె అని చెప్పిండు. చౌరస్తా ఆయన అడిగిన కీ పైసలు గుర్తొచ్చి మండింది నాకు.

సగం అయినంక కరెంటు పోయింది. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో సచ్చింది, నడుమల బంద్ అయితే ఇగ బూట్ సుత కాదు. పిలగానికి ఇన్వర్టర్ ఉంది గాబట్టి సరిపోయింది. ఇంట్ల చేసేటోళ్లు ఇది మాత్రం మతిల పెట్టుకోండ్రి.

ఇగ ఆ ఒక్క స్టార్ ఎందుకు కోసిన్నంటే, నాలుగింటికి ఇస్త అన్నడు, ఏడున్నర అయింది. కూసునేటందుకు కుర్చీ లేదు, ఎదురుంగ మిర్చి బండి కాడ నిలబడి రెండు ప్లేట్లు తిన్న. బిల్లు అడిగితే తెల్ల కాయిదం మీద రాసిచ్చిండు. ఇంకోటి, 2016 నాటి విండోస్ తిరిగొచ్చుడు తోని కంపెనీవాడు అప్పుడెక్కిచ్చిన పనికిరాని సాఫ్ట్‌వేర్లన్నీ సుత వచ్చినయ్, అవి తీసి, అప్డేట్లు ఎక్కిచ్చుడు మేమే ఇంటికాడ చేసుకున్నం, రాత్రంతా పట్టింది. దానికి విండోస్ 11 ఎక్కదు, ప్రాసెసర్ పాతది, విండోస్ 10కు సపోర్ట్ 2025 అక్టోబర్ 14 తోనే అయిపోయిందని సుత ముందే చెప్పిండు, దాచిపెట్టలే.

మొత్తం 500 తీసుకున్నడు, ఫొటోల బ్యాకప్‌కు 200, మిగిలింది పనికి. హార్డ్‌డిస్క్ జాగల ఎస్‌ఎస్‌డీ అనే స్పీడు డిస్క్ ఏసుకుంటే పరుగెత్తుతదన్నా, కాని కొత్త డిస్క్‌లకు ఆ డీ డ్రైవ్ రాదు, ముందుగల్ల 32 జీబీ పెన్‌డ్రైవ్‌ల రికవరీ చేసుకో, హెచ్‌పీవాడు ఒక్కసారే చేసుకోనిస్తడు అన్నడు. పెన్‌డ్రైవ్ నా కాడనే కొను అని సుత అనలే. పక్క షాపుల కొన్న.

ఆదివారం బంద్ ఉంటది. పొద్దున పదకొండుకు ముందు పోకుండ్రి, షట్టర్ తియ్యడు.

ఇప్పుడు పొల్ల ప్రాజెక్టు దాంట్లనే చేసుకుంటుంది. పాస్‌వర్డ్ కొత్తది పెట్టినం, మా బావకు మాత్రం చెప్పలే.