క్రోన్‌బోర్గ్ కోట: ఎరిక్ కోసం వెళ్లేవాళ్లు ఏం చూడాలి

డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లను కలిపి ఏలిన పొమెరేనియా ఎరిక్ కట్టించిన కోట కదా అని డెన్మార్క్‌లోని హెల్సింగోర్ వెళ్తే, అది వెంటనే కంటికి ఆనదు. ఎదురుగా కనిపించే ఇసుకరాతి తొడుగు, రాగి కప్పులు 1574–1585 మధ్య డెన్మార్క్ రాజు రెండో ఫ్రెడరిక్ చేయించినవి. ఎరిక్ 1420ల్లో లేపిన కోట పేరు క్రోగెన్, అంటే కొక్కెం. దాని గోడలు చాలావరకు ఇప్పటి గోడల లోపలే ఉండిపోయాయి. లోపలి ముంగిట్లో నిలబడి చుట్టూ చూడండి. క్రోగెన్ కూడా ఇలాగే నలుచదరపు ప్రాకారం; ఈశాన్య మూల రాజు నివాసం. ఇంత తెలిసి వెళ్తే టికెట్ డబ్బు దండగ కాదు. తెలియకపోతే నాట్యశాల, గోడలకు వేలాడే నేత చిత్రాలు చూసుకుని వచ్చేస్తారు.

అసలు చూడాల్సింది బయట, సముద్రం వైపు బురుజుల మీద ఉంది. అక్కడికి టికెట్ అక్కర్లేదు. ఎదుట జలసంధి 4 కిలోమీటర్లే. బాల్టిక్‌లోకి వెళ్లే ఓడలకు ఇదే ముఖ్యమైన దారి. 1429 నుంచి ఎరిక్ ఇక్కడ ఓడకు ఒక నోబుల్ చొప్పున సుంకం పెట్టాడు. నోబుల్ అంటే ఇంగ్లండ్ బంగారు నాణెం, సుమారు 7 గ్రాములు. దాని మీద ఓడలో కత్తి, డాలు పట్టుకుని నిలబడిన రాజు బొమ్మ. ఎరిక్ భార్య ఫిలిప్పా ఇంగ్లండ్ రాజు కూతురే. ఈ సొమ్ము నేరుగా రాజు చేతికే వచ్చేది. అయినా దక్షిణాన ఉన్న హోల్‌స్టీన్‌తో, హాన్సా అనే ఉత్తర జర్మనీ వర్తక కూటమి పట్టణాలతో యుద్ధాలు ఖజానాను తినేశాయి. పన్నులు పెరిగి, స్వీడన్ ఇనుము బయటికి పోక, 1434లో గని కార్మికులు తిరగబడ్డారు. 1439లో డెన్మార్క్, స్వీడన్ ఎరిక్‌ను దించేశాయి. సుంకం మాత్రం 1857 దాకా సాగింది. తర్వాతి కాలంలో సుంకం సరుకు విలువను బట్టి ఉండేది; ఆ విలువను కెప్టెనే చెప్పాలి. చెప్పిన ధరకే ఆ సరుకు కొనేసే హక్కు రాజుది. తక్కువ చెబితే సరుకే పోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో!

నేలమాళిగలకు వేసవిలోనూ స్వెట్టర్ కావాలి. వెలుతురు తక్కువ, రాతినేల ఎగుడుదిగుడు, చిన్నపిల్లల బండి నడవదు. బురుజుల మీద గాలి గట్టిగా కొడుతుంది.

కోపెన్‌హాగెన్ నుంచి రైలు సుమారు 45 నిమిషాలు, స్టేషన్ నుంచి నడక పావుగంట. కోపెన్‌హాగెన్ కార్డు అనే పర్యాటకుల పాసు (డిస్కవర్ రకం) ఉంటే రైలు, కోట రెండూ అందులోనే. తిరుగుదారిలో ఊళ్లోని కార్మలైట్ (ఒక క్యాథలిక్ సన్యాసుల శాఖ) మఠం వదలొద్దు. ఎరిక్ 1430లో నెలకొల్పింది. ఇటుక కమానుల నడవా ఎంతో బాగా నిలిచి ఉంది.

స్వీడన్‌లో మాల్మో, లుండ్ వైపు ఉన్న మనవాళ్లు ఎదుటి ఒడ్డున ఉన్న హెల్సింగ్‌బోర్గ్ నుంచి ఫెర్రీ ఎక్కడమే మేలు, 20 నిమిషాలు. లోపల కూర్చోకుండా పైడెక్కు మీదికి వెళ్లండి. వెనక హెల్సింగ్‌బోర్గ్ పాత కోటకు చెందిన కెర్నన్ బురుజు, ముందు క్రోన్‌బోర్గ్. ఎరిక్ రోజుల్లో స్వీడన్ వైపున్న ఆ ఒడ్డు కూడా డెన్మార్క్‌దే, 1658 దాకా. రెండు ఒడ్లూ ఒకే రాజువి కాబట్టే మధ్యలో ఓడ ఎటూ తప్పుకోలేక లంగరు దించేది.