బ్యాంకాక్‌లో కంటి లేజర్ చికిత్స: ఐదేళ్లు దాటాక హన్మకొండ నుంచి ఒక సమీక్ష

నేను హన్మకొండలోని ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పదో తరగతిలో వచ్చిన కళ్లద్దాల పవర్ పెరుగుతూ పోయి మైనస్ ఐదున్నర దగ్గర నిలిచింది. 2020 జనవరిలో, సంక్రాంతి సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని, అక్కాబావలు ఉంటున్న బ్యాంకాక్‌లో లేజర్ చికిత్స చేయించుకున్నాను. దూరపు చూపుకు నాకు మళ్లీ అద్దాల అవసరం రాలేదు. ఆ విషయంలో పూర్తి తృప్తితో ఉన్నాను. నేను పొరపడినదల్లా ప్రయాణపు తేదీల దగ్గర, కాగితాల దగ్గర.

లాసిక్ అనుకొని బయలుదేరాను. అక్కడి పరీక్షలో నా కార్నియా, అంటే నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శక పొర, 488 మైక్రాన్ల మందమేనని (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తేలింది. సగటున అది 540 దాకా ఉంటుంది. పొరను రేకులా లేపి చేసే లాసిక్ నాకు క్షేమం కాదని, పైపొరను మాత్రమే తొలగించి చేసే పీఆర్‌కే మేలని డాక్టరమ్మ చెప్పారు. రెండింటిలోనూ వాడేది 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజరే. అది చుట్టుపక్కల కాలిపోకుండా కణజాలాన్ని చెక్కగలదని 1981లో ఐబీఎం ప్రయోగశాలలో గుర్తించినవారిలో మన దేశంలో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరని ఇప్పుడు మా విద్యార్థులకు తప్పక చెబుతున్నాను.

లేజర్ పని నిమిషాల్లో ముగిసింది కానీ, పీఆర్‌కేలో పైపొర మళ్లీ పెరిగేదాకా కంటి మీద రక్షణ లెన్సు ఉంచుతారు, మూడు నాలుగు రోజులు నొప్పి ఉంటుంది. కళ్లు తెరిస్తే ఉల్లిరసం పిండినట్టుండేది. ఆ మూడు రాత్రులూ అక్కయ్య గదిలో దీపం వేయకుండా, ఫోను వెలుతురులో సీసా మీది పేరు చదువుకొని చుక్కల మందు వేసింది. నేనేమో ఐదో రోజుకే తిరుగు టికెట్ తీసుకున్నాను. దాన్ని మార్చుకోవడానికి అదనంగా కట్టవలసి వచ్చింది. విమానాశ్రయంలో ఇచ్చే వీసాకు అప్పట్లో 15 రోజుల గడువు ఉండబట్టి సరిపోయింది.

అసలు ఇబ్బంది ఇంటికి వచ్చాక మొదలైంది. పీఆర్‌కే తర్వాత నెలల తరబడి వాడే స్టెరాయిడ్ చుక్కల వల్ల కొందరికి కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఫిబ్రవరిలో హన్మకొండలోనే ఒక కంటి డాక్టరుకు చూపించుకున్నాను. లేజర్‌తో పలచబడిన కార్నియా మీద ఒత్తిడిని కొలిస్తే అంకె ఉన్నదానికంటే తక్కువగా వస్తుందని, అందుకే చికిత్సకు ముందరి ఒత్తిడి, మందం, కార్నియా వంపులను చూపే టోపోగ్రఫీ పటం కావాలని ఆయన అడిగారు. నా చేతిలో ఉన్నది బ్యాంకాక్ ఆసుపత్రి ఇచ్చిన ఒకే ఒక్క పేజీ. ఎన్ని మెయిళ్లు పంపినా ఏడు వారాల దాకా వాళ్లు ఆ రికార్డులు పంపలేదు. డబ్బు కట్టించుకున్నప్పటి శ్రద్ధ అప్పుడు కనిపించకపోవడం నాకు ఇప్పటికీ బాధే. ఏప్రిల్‌లో అక్కడికే వెళ్లి చూపించుకోవాలనుకున్నాను గానీ, మార్చిలోనే కరోనా వల్ల విమానాలు ఆగిపోయాయి. ఆ వేసవంతా నన్ను కాచింది ఈ ఊరి డాక్టరుగారే.

మే నెలలో కూలర్ గాలి ముఖానికి తగిలితే కళ్లు ఇసుక పోసినట్టు మండేవి. కృత్రిమ కన్నీటి చుక్కలు ఏడాది దాకా వాడాను. అతినీలలోహిత కిరణాలను ఆపే నల్ల కళ్లద్దాలు లేకుండా ఎండలోకి వెళ్లవద్దన్న మాటను మాత్రం ఒక్క రోజూ తప్పలేదు.

విదేశంలో తోడు ఉండి, కనీసం రెండు వారాలు ఆగగలిగి, తిరిగి వచ్చాక చూడటానికి సొంత ఊళ్లో ఒక డాక్టరు ముందుగానే ఒప్పుకుంటేనే వెళ్లమంటాను. లేకుంటే కాజీపేటలో రైలెక్కితే చేరే హైదరాబాదులోనే ఈ చికిత్సలన్నీ ఉన్నాయి. మన ఆరోగ్య బీమా ఎలాగూ 7.5 డయాప్టర్లలోపు పవర్‌కు ఈ ఖర్చు ఇవ్వదు. ఎక్కడ చేయించుకున్నా చికిత్సకు ముందరి కొలతలన్నీ చేతికి వచ్చాకే ఆసుపత్రి గడప దాటాలి, ఎందుకంటే రేపు శుక్లాల ఆపరేషన్‌లో లెన్సు పవర్ లెక్కకట్టేవారికి కూడా అవి అక్కరకు వస్తాయి. నావి ఇప్పుడు బీరువాలో పట్టాదారు పాసుపుస్తకాల పక్కనే, రెండు ప్రతులుగా ఉన్నాయి.