ఎర్ర పీతల బోను: పట్టడానికి సూపర్, లెక్కపెట్టడానికి మాత్రం జాగ్రత్త

5కి 3.5 ఇస్తున్నా. న్యూ ఇంగ్లండ్ ఒడ్డుకి దూరంగా లోతు సముద్రంలో దొరికే ఎర్ర పీతల సర్వే కోసం మా టీమ్ తెప్పించిన బోనులివి, ఫిషరీస్ చదివి ఇటువైపు వచ్చిన మనవాళ్ళకి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. అమ్మినవాళ్ళ పేరు మాత్రం అడక్కండి.

ముందు మంచి సంగతులు. చూడ్డానికి బోర్లించిన గంపలా ఉంటుంది, పైన ప్లాస్టిక్ గరాటు. పీత ఎర వాసన పట్టుకుని వచ్చి పక్కల మీదుగా పాకి పైకెక్కి గరాటులోంచి లోపలికి జారిపోద్ది, మళ్ళీ ఎక్కుదామంటే ఆ నున్నటి ప్లాస్టిక్ మీద కాలు నిలవదు. 350 బారల లోతు, అంటే దాదాపు 640 మీటర్లు, అక్కడ బురదలో రాత్రంతా ఉండి పైకొచ్చినా ఫ్రేమ్ ఎక్కడా వంగలేదు. అడుగు విప్పితే ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి కాబట్టి డెక్కు మీద చోటు కూడా బాగా కలిసొస్తుంది.

ఎర డబ్బా కొక్కెం మాత్రం దండగ. ఉప్పునీళ్ళకి తుప్పు పట్టి ఊడిపోయింది, ఎర లేని బోను ఖాళీగా వస్తే దాన్ని సున్నా అని రాయాలా అసలు లెక్కే వెయ్యకూడదా అని మాలో మాకే గొడవ. కస్టమర్ కేర్‌కి ఫోటోలు పంపితే "మాన్యువల్ చూడండి" అన్నారు, అంతే. ఇంకోటి, అన్ని సైజులూ పడతాయని రాశారు గానీ వల కన్ను పెద్దది, చిన్న పీతలు హాయిగా జారుకుంటాయి. సర్వేకైతే లోపల సన్నవల మీరే కుట్టుకోవాలి.

అసలు పేచీ ఇక్కడే. బోనులో ఇన్ని పడ్డాయి అంటే కింద ఎన్ని ఉన్నట్టు? ప్రవాహం వాసనని ఎంత దూరం మోస్తే అంత దూరం నుంచి వస్తాయి, అది రోజుకో రకం. పైగా పెద్ద మగవి నాలుగు లోపల తిష్ట వేశాక మిగతావి లోపలికి రావడానికి జంకుతాయి, గుడ్లతో ఉన్న ఆడవి ఎరకి పెద్దగా రావు. బోను తక్కువ మేర నుంచే లాగిందని అనుకుంటే సముద్రం నిండా పీతలే అని లెక్క తేలుద్ది, దాన్ని చూపించి ఎక్కువ పట్టుకోవచ్చని పర్మిషన్ అడుగుతారు. ఇవేమో మెల్లగా పెరిగే రకం, ఎదగడానికే ఏళ్ళు పడుతుంది, 15 ఏళ్ళో ఇంకా ఎక్కువో బతుకుతాయని అంచనా.

అందుకే 1974లో ఇక్కడ లెక్క తీసినప్పుడు సముద్రం అడుగున కెమెరా స్లెడ్ (కెమెరా బిగించిన ఈడ్పు బండి) లాగి ఫోటోలు తీశారు, 2003-05లో మళ్ళీ అదే పద్ధతిలో చూస్తే అమ్ముడుపోయే పెద్ద మగవి తగ్గాయి, ఆడవి, చిన్నవి పెరిగాయి. ఆడవి, చిన్నవి పెరిగాయన్న ముక్క ఒట్టి బోనులతో మనకి తెలిసేదే కాదు. పడవకి 600 బోనులే అన్న రూలు వచ్చింది 2002లోనే, మార్కెట్‌కి కావాల్సింది కూడా మగవే, అందుకే ఈ మార్పు వచ్చి ఉంటుంది.

కాబట్టి ఏ లోతులో ఎక్కువ పడుతున్నాయి, పోయినేడాదికీ ఈ ఏడాదికీ బోనుకి ఎన్ని, సైజు ఎంత, ఇలాంటివాటికి కళ్ళు మూసుకుని కొనండి, కాకపోతే అన్నిటికీ ఒకే ఎర, నీళ్ళలో ఉంచే టైమూ ఒకటే ఉండాలి. మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్పాలంటే పక్కన కెమెరాకి కూడా బడ్జెట్ పెట్టుకోండి. మేం ఇంకో లాట్ ఆర్డర్ పెడుతున్నాం, కొక్కేలు మాత్రం స్టీల్‌వి బయట కొని బిగించుకుంటాం.