పాదాల దగ్గర మొదలుపెట్టండి: మైండ్‌ఫుల్‌నెస్ సాధనతో నా మూడేళ్లు

ఇంటర్ మొదటి సంవత్సరం దసరా సెలవులు అయిపోయిన వారమే అమ్మ నన్ను మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణలో చేర్పించింది. ఆ క్షణంలో మనసులో, శరీరంలో ఏం జరుగుతోందో గమనించే సాధన అది. అప్పటికి నా పరిస్థితి బాగాలేదు. శనివారం పరీక్ష ఉందంటే గురువారం నుంచే అన్నం సయించేది కాదు. ప్రశ్నపత్రం చేతికి రాగానే అరచేతులు తడిసిపోయేవి, గుండె చప్పుడు చెవుల్లో వినిపించేది. చదివినదంతా లోపల ఎక్కడో ఉండేది, చేతికి మాత్రం అందేది కాదు. ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఈ మూడేళ్లలో ఆ సాధనను పట్టుకున్నాను, వదిలేశాను, మళ్లీ పట్టుకున్నాను. పిల్లల్ని చేర్పించాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకూ, నాలాంటి పిల్లలకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

శిక్షణ ఎనిమిది వారాలు. ప్రతి ఆదివారం సాయంత్రం గంటసేపు ఆన్‌లైన్‌లో ఉండేది, మిగతా రోజుల్లో ఇంటి దగ్గర పది నిమిషాల సాధన. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల పద్ధతే దీనికి మూలం. దానిలో పెద్దవాళ్లు రోజుకు 45 నిమిషాలు సాధన చేయాలి, మాకు బాగా కుదించారు. మా తాతయ్య హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన చేసి వచ్చిన మనిషి. నా పాఠం పక్కనుంచి విని, "ఇది ఆనాపానసతే కదమ్మా, కొత్తదేముంది?" అన్నారు. ఆనాపానసతి అంటే వచ్చేపోయే శ్వాసను గమనించే పాత బౌద్ధ ధ్యానం. ఆయన మాట నిజమే. తేడా ఏమిటంటే ఇక్కడ మౌనవ్రతం లేదు, వేకువన లేవడం లేదు. పరీక్షలు, ఫోను, స్నేహితురాలితో గొడవ, ఇవే పాఠాలు.

మొదటి వారం ఒక్క కిస్‌మిస్ పండును ఐదు నిమిషాలు తిన్నాం. నాకు ఏమీ తెలియలేదు. రెండో వారం పడుకుని కాలి వేళ్ల నుంచి తల దాకా ఒక్కో భాగం మీద ధ్యాస పెట్టమన్నారు. మోకాళ్ల దాకా రాకముందే నిద్రపోయాను, వరుసగా ఆరు రోజులు అలాగే. ఏడో రోజు మేడమ్‌కు చెప్పుకుని బాధపడితే, "నీకు నిద్ర చాలడం లేదని నీ శరీరం చెబుతోంది, వినాలి" అన్నారు. రాత్రి పన్నెండు దాటి చదివి ఐదింటికి లేచే నాకు ఆ మాట అంతవరకూ ఎవరూ చెప్పలేదు. అమ్మతో మాట్లాడి పదకొండింటికే దీపం ఆర్పేయడం మొదలుపెట్టాం. ఆ ఒక్క మార్పుకే ఫీజు చెల్లిపోయిందని అమ్మ ఇప్పటికీ అంటుంది.

మూడో వారంలో శ్వాస దగ్గర ఇబ్బంది వచ్చింది. కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమంటే నాకు ఊపిరి ఆడనట్టు అనిపించేది. గమనించేకొద్దీ గుండె వేగం పెరిగేది. అందరికీ ప్రశాంతంగా ఉంటే నాకు మాత్రం ఇలా ఎందుకని ఏడ్చాను. అప్పుడు మేడమ్ కళ్లు తెరిచే ఉంచమన్నారు, శ్వాసను పక్కన పెట్టి పాదాలకు రమ్మన్నారు. పాదాలు నేల మీద, శరీరం బరువు కుర్చీ మీద. నేల చల్లగా ఉందా, మడమ బరువు ఎక్కువా, వేళ్ల బరువు ఎక్కువా, అంతే. బ్రిటన్ బడుల్లో నేర్పే డాట్-బి అనే మైండ్‌ఫుల్‌నెస్ పాఠాల్లో కూడా ఈ సాధన ఉందని తర్వాత తెలిసింది. ఆందోళన గుండెలోనూ గొంతులోనూ ఉన్నప్పుడు పాదాల్లో అది లేదు. శరీరంలో భయం లేని చోటు ఒకటి ఉందని తెలియడం నాకు పెద్ద విషయం.

ఐదో వారం పాఠం కూడా నాతో నిలిచిపోయింది. "నేను ఫెయిలవుతాను" అని మనసు అన్నప్పుడు, "నేను ఫెయిలవుతానన్న ఆలోచన వచ్చింది" అని లోపల చెప్పుకోవాలి. మధ్యలో చేరిన ఆ 'అన్న' నాకూ ఆ మాటకూ మధ్య కాస్త చోటు ఇచ్చింది.

ఏడాదిన్నర తర్వాత ఎప్‌సెట్ రాస్తున్నాను. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. గణితం దాటి ఫిజిక్స్‌కు రాగానే వరుసగా నాలుగు ప్రశ్నలు తెలియలేదు. అరచేతులు తడిశాయి. భయం రాకుండా పోలేదు, ఎప్పటిలాగే వచ్చింది. కాకపోతే ఈసారి వస్తుండగానే చూశాను. మౌస్ వదిలి, పాదాలు నేలకు ఆనించి, ఏడు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి పదకొండు లెక్కపెడుతూ వదిలాను, మూడుసార్లు. అప్పటికి శ్వాస నన్ను బెదిరించడం మానేసింది. నిమిషం కూడా పట్టలేదు. ఐదో ప్రశ్నకు వెళ్లాను. మంచి ర్యాంకు దీనివల్ల వచ్చిందని చెప్పను, వచ్చిన ర్యాంకు నా చదువుకు తగినదే. చదివినది ఆ రోజు చేతికి అందింది.

సాధన మానేస్తే ఇవేవీ ఉండవు. ఇంజనీరింగ్‌లో చేరాక ఆరు నెలలు వదిలేశాను, పాత కడుపునొప్పి తిరిగొచ్చింది. మధ్యలో ఒక యాప్ వాడాను. ఎన్ని రోజులు వరుసగా చేశానో లెక్క చూపించేది. ఒక రోజు తప్పితే దిగులు పట్టుకునేది, అందుకే తీసేశాను. బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా బడి పిల్లలతో జరిపిన మిరియడ్ అధ్యయనం 2022లో వెలువడింది. మామూలుగా బడిలో చెప్పే భావోద్వేగ పాఠాల కంటే మైండ్‌ఫుల్‌నెస్ పాఠాల వల్ల అదనపు మేలు కనిపించలేదని అది తేల్చింది. ఆ పిల్లల్లో ఎక్కువ మంది ఇంటి దగ్గర సాధన చేయలేదు. నాకు ఆశ్చర్యం కలగలేదు. తరగతి మొత్తానికి ఒకేసారి పంచిపెడితే పనిచేసే వస్తువు కాదిది. నా విషయంలో మేడమ్ నా ఒక్కదాని ఇబ్బంది విని దారి మార్చారు కాబట్టి నిలిచింది.

మా ఇంటర్ కాలేజీలోనూ రెండో సంవత్సరంలో ధ్యానం తరగతి పెట్టారు. అందుకోసం మొదటి బస్సును అరగంట ముందుకు జరిపారు. పిల్లల నిద్రలోంచి అరగంట తీసుకుని ప్రశాంతత నేర్పడం అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. పన్నెండు గంటల చదువు, వారం వారం గోడమీద ర్యాంకుల జాబితా, ఇవి అలాగే ఉంచి పిల్లనే ఊపిరి సరిచేసుకోమనడం నాకు కోపం తెప్పిస్తుంది.

అన్నిటికీ ఇదే మందు కూడా కాదు. గత ఏడాది కొన్ని వారాలు మంచం మీద నుంచి లేవబుద్ధి కాలేదు. పాదాలు, శ్వాస, ఏవీ పనిచేయలేదు. సైకాలజిస్టు దగ్గరకు వెళ్లాను, నాలుగు నెలలు మాట్లాడాను. సాధన కుదరలేదని తప్పు నాలో వెతుక్కుంటూ అంతకు ముందు రెండు వారాలు వృథా చేసుకున్నాను. మీరు అలా చేయకండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు.

మా తమ్ముడు ఇప్పుడు పదో తరగతి. ప్రీఫైనల్స్ ముందు వాడు అన్నం వదిలేసి లేచిపోతుంటే చూడలేక, వాడికి పాదాల సంగతి ఒక్కటే చెప్పాను. కళ్లు మూసుకోమనలేదు, ఎన్ని నిమిషాలో చెప్పలేదు. మొన్న ఫోన్‌లో, "అక్కా, బస్‌స్టాపులో చెప్పులు విప్పి నిలబడ్డాను, నేల భలే వేడిగా ఉంది" అన్నాడు.