మరో డొమైన్ ఖాతాతో డేటాబేస్‌లోకి: ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియో సమీక్ష

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ వ్యవస్థ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో రోజంతా పనిచేసేవారికి మేనేజ్‌మెంట్ స్టూడియోకు సాటి వచ్చే సాధనం నాకు ఇంతవరకు కనిపించలేదు. పైగా అది ఉచితం. అయితే నా పని పరిస్థితి వేరు. నా ల్యాప్‌టాప్ హైదరాబాద్‌లోని మా సంస్థ డొమైన్‌లో (సంస్థ తన కంప్యూటర్లనూ ఖాతాలనూ ఒకచోట నిర్వహించే విండోస్ నెట్‌వర్క్‌లో) ఉంటుంది, డేటాబేస్ క్లయింటు డొమైన్‌లో ఉంటుంది, రెంటి మధ్య వీపీఎన్ ఉన్నా ట్రస్ట్, అంటే ఒక డొమైన్ ఖాతాలను మరో డొమైన్ నమ్మే ఏర్పాటు, లేదు. సర్వర్‌లోనే సృష్టించిన ఒకే ఎస్‌క్యూఎల్ లాగిన్‌ను పదిమంది పంచుకుంటే ఏ మార్పు ఎవరు చేశారో ఆడిట్‌లో తేలదు కాబట్టి, విండోస్ ఆథెంటికేషన్‌తోనే, అంటే ఎవరి విండోస్ ఖాతాతో వారే, రావాలని క్లయింటు నియమం పెట్టారు. అది సరైన నియమమే.

స్టూడియోను మామూలుగా తెరిచి ప్రయత్నిస్తే 18452 నంబరు ఎర్రర్ వస్తుంది. లాగిన్ నమ్మకం లేని డొమైన్ నుంచి వచ్చిందని దాని అర్థం. దీనికి దారి విండోస్‌లోనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో రన్‌యాజ్ (runas) ఆదేశానికి నెట్‌ఓన్లీ (/netonly) స్విచ్‌ను, క్లయింటు డొమైన్‌లోని మన ఖాతా పేరును జోడించి స్టూడియోను తెరిస్తే, ఫైళ్లూ సెట్టింగులూ ల్యాప్‌టాప్ ఖాతావే ఉంటాయి, నెట్‌వర్క్ దాటి వెళ్లేటప్పుడు మాత్రం ఆ రెండో ఖాతా పేరు ముందుకు వస్తుంది.

కొత్తవారు తడబడేది ఇక్కడే. నెట్‌ఓన్లీ పెట్టినప్పుడు విండోస్ పాస్‌వర్డ్‌ను సరిచూడదు. తప్పుగా కొట్టినా స్టూడియో నిక్షేపంగా తెరుచుకుంటుంది, సర్వర్‌కు కనెక్ట్ అయ్యేటప్పుడు గాని తప్పు బయటపడదు. అంతకంటే గందరగోళపరిచేది పాత తరహా కనెక్షన్ పెట్టె: యూజర్‌నేమ్ గడిలో బూడిద రంగులో మన ల్యాప్‌టాప్ ఖాతా పేరే కనిపిస్తుంది, లోపల వెళ్లేది మాత్రం క్లయింటు ఖాతా. ఆ పేరు చూసి ఆదేశం పనిచేయలేదనుకొని పదేపదే ప్రయత్నించవద్దని, ముందు కనెక్ట్ అయి ఎస్‌యూజర్-ఎస్‌నేమ్ (SUSER_SNAME) ఫంక్షన్ నడిపి సర్వర్ మనల్ని ఎవరిగా గుర్తించిందో చూడమని మా బృందంలో చేరే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టడం ఇష్టం లేకపోతే విండోస్ పాస్‌వర్డ్‌లను దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో విండోస్ క్రెడెన్షియల్‌గా సర్వర్ పూర్తి పేరు, కోలన్, 1433 (ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు పోర్టు నంబరు) అని నమోదు చేసుకోవచ్చు. అప్పుడు స్టూడియోను మామూలుగానే తెరవవచ్చు. నేమ్‌డ్ ఇన్‌స్టెన్స్‌కు (ఒకే యంత్రంపై వేరే పేరుతో నడిచే ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు) పోర్టు స్థిరంగా లేకపోతే, అది మారిన రోజున ఈ నమోదు పనికిరాదు. కనెక్షన్ గురించి మరొక్క మాట: 2024లో వచ్చిన 20వ వెర్షన్ నుంచి ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్‌గా తప్పనిసరి అయింది కనుక, సర్టిఫికెట్ గురించి ఎర్రర్ వస్తే దాన్ని డొమైన్ సమస్యగా పొరబడకూడదు.

డీబీవర్ అనే మరో డేటాబేస్ సాధనంలో ఎన్‌టీఎల్‌ఎమ్ అనే విండోస్ లాగిన్ పద్ధతి ఎంచుకుంటే మరో డొమైన్ ఖాతా వివరాలను కనెక్షన్‌లోనే నేరుగా ఇవ్వవచ్చు, మ్యాక్ వాడేవారికి అది పెద్ద ఊరట. ఎగ్జిక్యూషన్ ప్లాన్‌లు (క్వెరీని సర్వర్ ఏ దశల్లో నడుపుతుందో చూపేవి) చదవడానికీ, ఏజెంట్ జాబ్‌లు (సర్వర్ వేళ ప్రకారం తానే నడిపే పనులు) చూసుకోవడానికీ మాత్రం నేను మళ్లీ స్టూడియోకే వస్తాను. డొమైన్ ఖాతా పేరు, పాస్‌వర్డ్ ఇచ్చే గళ్లు దాని కనెక్షన్ పెట్టెలోనూ ఉంటే, కమాండ్ ప్రాంప్ట్‌తో ఈ పని ఉండదు.