ఆర్టోస్ గ్రేప్: కరువు రుచికి కాదు, ఫ్రిజ్‌లో చోటుకు

గోదావరి జిల్లాలకు వెళ్లినప్పుడల్లా అక్కడి ద్రాక్ష రుచి కూల్‌డ్రింకు ఆర్టోస్ గ్రేప్ ఒకటి తాగి రావడం నాకు చిన్ననాటి నుంచి ఉన్న అలవాటు. మొన్న రావులపాలెం దగ్గర ఒక బడ్డీకొట్టులో అడిగితే, కొట్టాయన ఎదురుగా నిలబడి ఉన్న అద్దాల ఫ్రిజ్ జోలికి పోకుండా, బల్ల కింది నుంచి థర్మోకోల్ పెట్టె లాగి, కరిగిపోతున్న ఐసుముక్కల మధ్య నుంచి ఒక సీసా తీసి, భుజం మీది తువాలుతో తుడిచి ఇచ్చాడు. ‘‘అందులో పెడితే ఊరుకోరండి, అది కంపెనీవాళ్లది’’ అన్నాడు.

ముందు పానీయం సంగతి. రంగు పండిన ద్రాక్షది. మొదటి గుక్కలో గ్యాసు ముక్కుకెక్కుతుంది, ఆ వెనుకే తీపి నాలుకంతా పరుచుకుంటుంది. తీపి గిట్టనివారు దీని జోలికి పోనక్కరలేదు. పెళ్లి విడిదిళ్లలో నీళ్ల డ్రమ్ములో ఐసుగడ్డ పడేసి, అందులో సీసాలు ముంచి పెట్టిన రోజులు ఎరిగినవారికి మాత్రం ఈ రుచిని వేరే ఏ పానీయమూ ఇవ్వలేదు. రామచంద్రపురంలో పుట్టి నూరేళ్లు దాటిన కంపెనీ సరుకు ఇది.

ఇక ఆ ఫ్రిజ్ సంగతి. బహుళజాతి కంపెనీలు చిన్న కొట్లకు ఫ్రిజ్‌లు ఇచ్చి, వాటిలో తమ సరుకు తప్ప మరొకటి ఉండరాదని షరతు పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే. మే నెల ఎండలో మనిషి కొనేది రుచిని కాదు, చల్లదనాన్ని. ఆ చల్లదనమే ఒకరి చేతిలో ఉన్నప్పుడు ఊరి పానీయం నాలుక మీద పోటీకి దిగకముందే ఓడిపోతుంది. కొట్టాయనను తప్పు పట్టలేము. సొంతంగా ఫ్రిజ్ కొనే స్తోమత ఉంటే ఆయన థర్మోకోల్ పెట్టెను ఎందుకు నమ్ముకుంటాడు?

మన పానీయం పెద్ద కంపెనీ చేతికి పోవడం కొత్తేమీ కాదు. 1977లో, విదేశీ వాటా తగ్గించుకోవాలన్న చట్టానికి ఒప్పుకోక కోకాకోలా మన దేశం విడిచి వెళ్లినప్పుడు, ఆ ఖాళీలో పార్లే సంస్థ తెచ్చినదే థమ్సప్. 1993లో తిరిగి వచ్చిన కోకాకోలా, థమ్సప్‌తో పోటీ పడే శ్రమ ఎందుకనుకుందో ఏమో, లిమ్కా, గోల్డ్‌స్పాట్‌లతో సహా దానిని కొనేసింది. చిరంజీవి, మహేశ్ బాబు ప్రకటనలు చూసి పెరిగిన మనలో చాలామంది అది ఇంకా మనదేనని అనుకుంటూ ఉంటాము.

కొట్టులో జరిగే నష్టం కంటికి ఆనదు గానీ, ప్లాచిమడలో జరిగినది ఆనింది. కేరళలోని పాలక్కాడ్ జిల్లాకు చెందిన ఆ గ్రామంలో 2000లో కోకాకోలా ఫ్యాక్టరీ మొదలైన తరువాత బావులు అడుగంటుతున్నాయని, ఉన్న నీరు తాగడానికి పనికిరాకుండా పోయిందని 2002లో ఆదివాసీలు ధర్నాకు కూర్చున్నారు. 2004లో ఉత్పత్తి ఆగింది. కేరళ ప్రభుత్వం వేసిన కమిటీ 2010లో నష్టాన్ని 216.26 కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. పరిహారం ఇప్పించే ట్రిబ్యునల్ కోసం 2011లో శాసనసభ బిల్లు ఆమోదించినా, దానికి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు.

పానీయానికి నేను అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. అద్దాల ఫ్రిజ్‌లో కనబడలేదని వెనుదిరగకుండా, బల్ల కింద ఏమైనా ఉందేమో ఒక్కసారి అడగండి.